నిండితేనే కుదురుగా నడిచే కారు

మొన్న ఆదివారం నేనూ మా ఆవిడ సరోజా ఇద్దరమే దీఘా సముద్రానికి వెళ్దామనుకున్నాం. వెళ్ళాం కూడా. ఎంతమందిమి వెళ్ళామన్నది మాత్రం అడక్కండి.

మాది రెండు గదుల రైల్వే క్వార్టరు, నిండా జనం. సరోజతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే కూరల వంకతో గోల్‌బజార్ వెళ్ళాలి. అక్కడా చేపలవాడు మధ్యలో దూరతాడు. అందుకే ఆ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. ఇంజను రేసు కారు లెవెల్లో చేయించాను. అద్దాలు దించుకుని దూసుకుపోవాలి, పక్కన సరోజ ఉండాలి, వెనక సీటు ఖాళీగా ఉండాలి. నాకు కావలసింది ఆ ఖాళీయే.

ఇక మిగిలింది వెనక కమాన్లు, అదే, చక్రాల మీది పట్టీ స్ప్రింగులు. పాతవి ప్రతి మలుపులోనూ కారుని ఊయల ఊపుతున్నాయి. సుభాష్‌పల్లి మెకానిక్ దాదా కలకత్తా నుంచి రెండు సెట్లు తెప్పించాడు. ఒకటి పలచటి పట్టీల స్పోర్ట్స్ సెట్టు, ఇంకోటి మందపాటిది.

"స్పోర్ట్స్ వాలా లే లో, దాదా. అదే తీసుకో, ఇద్దరేగా ఎక్కేది," అన్నాడు.

వింటేనా? నేను రైలు పెట్టెలు బాగుచేసే క్యారేజ్ షాపు మనిషిని. మా దగ్గర ఏ స్ప్రింగునైనా జనం కిక్కిరిసిన పెట్టె లెక్కలోనే చూస్తాం. ఒక్కో సెట్టూ బిగించి, కొట్టులో అడిగి తెచ్చిన బియ్యం బస్తాలు వెనక సీట్లో వేశాను. పలచటిది కుంగింది. మందపాటిది చెక్కుచెదరలేదు. అదే ఉంచేసి, బస్తాలు కొట్టుకి పంపేశాను. ఖాళీ కారు ఒక్కసారి నడిపి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం చర్చి అవగానే బయల్దేరాం. సరోజ నీలం చీర కట్టుకుంది. ఎంత బాగుందో. రైల్వే గేటు దాటామో లేదో, చిన్న రాయి తగిలినా కారు వెనక భాగం గాల్లోకి లేస్తోంది. కోడికూర డబ్బా మూత ఊడి ఆ చీర మీదే ఒలికింది.

"ఇది కారేటండీ? జల్లెడలో ఏసి జల్లిస్తన్నట్టుంది. నా నడుం ఇరిగిపోనాది, ఇంటికి తిప్పీండి."

"వెనక బరువు సాలలేదే. కాస్త బరువుంటే కుదురుగా పోద్ది," అంటూనే కారు ఇంటికి తిప్పాను.

గుమ్మంలోనే మా అమ్మా, ఇద్దరు పెద్దమ్మలూ ఉన్నారు.

"అప్పుడే వచ్చీసినారేటిరా?"

"బరువు సాలలేదట అత్తా," అనేసింది సరోజ. ఆ మాట పూర్తయ్యేలోపే ముగ్గురూ చెప్పులేసుకున్నారు.

వాళ్ళు కూర్చున్నాక కారు ఎంత మెత్తగా పోయిందంటే, సరోజ హాయిగా నిద్రపోయింది. నేను స్పీడు పెంచబోతే అమ్మ భుజం తట్టేది. సముద్రం దగ్గర కూడా సరోజ పెద్దమ్మల మధ్యే. దూరం నుంచి చూస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. తిరిగొచ్చేటప్పుడు తను నా చెవిలో మెల్లగా అంది: "ఆ పలచటియ్యే ఏయించీండి."

వెనక సీట్లోంచి అమ్మ, "కమాన్లు మార్చకురా, శానా సుఖంగా ఉంది. వచ్చే వారం పూరీ పోదాం" అంది.

రేసు కారు తయారుచేశాననుకున్నాను. తీరా చూస్తే తయారైంది జనరల్ పెట్టె. అందులో అందరికీ సీటు దొరికింది, మా ఇద్దరికే రిజర్వేషన్ లేదు.