కోర్టు జేజి

ఆళ్లగడ్డలో ఉమామహేశ్వరమ్మ ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. కోర్టు జేజి ఇల్లంటే మాత్రం బస్టాండులో సోడాలమ్మేవాడు కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. ఆ పేరు గౌరవానికి పెట్టింది కాదు. మొగుణ్ణి చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోకుండా, ఏడేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని నంద్యాల కోర్టు చుట్టూ ఏళ్ళకేళ్ళు తిరిగిందని అయినవాళ్ళే ఎగతాళిగా ఆమె పేరుకు కోర్టు తగిలించారు. పౌరుషం లేని కొంప అన్నారు. పెళ్ళిళ్ళలో ఆమె వైపు చూసి మూతులు తిప్పారు. ఆమె అన్నీ పడింది. ముద్దాయిలకు శిక్షలు పడ్డాయి. కొడుకు నరసింహులు పెరిగి పెద్దవాడై, కాలువ కింద వరి పండించుకుంటూ, పెళ్ళాంబిడ్డలతో బతికే ఉన్నాడు. ఆమె లెక్కలో గెలుపంటే అంతే. పేరుదేముంది, పిలిచి పిలిచి వాళ్ళ నోళ్ళే నొప్పి పుడతాయి అనుకునేది.

నోళ్ళు నొప్పి పుట్టలేదు. ఆ పేరు తాతల నుంచి మనవళ్ళ దాకా దిగింది. మనవడు పుట్టాక కోర్టు వెనక జేజి, అంటే నాయనమ్మ, చేరిందంతే.

నరసింహులు కొడుకు కిరణ్ పదో తరగతి. ఇంకా సరిగా మొలవని మీసాన్ని మెలేస్తున్నట్టు ఫోనులో ఒక రీలు తీసి పెట్టుకున్నాడు. దాని కింద వాడి తరగతివాడే, శశిధర్ అనే పిల్లవాడు, కోర్టు జేజి మనవడికి మీసమెందుకని రాశాడు. ఆ రాత కంటే దాని కింద తరగతంతా పెట్టిన నవ్వు బొమ్మలే కిరణ్‌ను కాల్చాయి. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు. మర్నాడు సాయంత్రం బడి విడిచిపెట్టాక, హైస్కూలు ప్రహరీ పక్క సందులో క్రికెట్ బ్యాటుతో కాపు కాశాడు. శశిధర్ పడిపోయాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతుంటే చూసి కిరణ్ వెంట వచ్చిన స్నేహితులే పరుగుతీశారు. పిల్లవాణ్ణి నంద్యాలకు తీసుకుపోయి ఆస్పత్రిలో చేర్చారు.

బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అందరూ వచ్చారు. గేటు దగ్గర పోలీసును పెట్టాలని ఒకాయన, కెమెరాలు పెట్టాలని ఇంకొకాయన. ఫోన్లే పిల్లల్ని పాడు చేస్తున్నాయని మూడో ఆయన లేచి, తన ఫోను మోగితే బయటికి పోయాడు. ఇంతకీ ఆ సందులో ఎవరి పిల్లలు చూశారని హెడ్మాస్టరు అడిగితే ఎవరి పిల్లలూ చూడలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు, అక్కడున్నవన్నీ ముద్దుపిల్లలే. నరసింహులు వెనక గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొడుకును పోలీసులు పట్టుకుపోతారేమోనని గేటు వైపే చూస్తున్నాడు.

రెండోనాటికి కబురొచ్చింది. శశిధర్ తండ్రి మద్దిలేటి ఆస్పత్రిలో వాళ్ళకు, పోలీసులకు ఒకే మాట చెప్పాడట. మావాడు బండి మీంచి పడినాడు, ఎవరి మీదా కేసు లేదు అని.

నరసింహులు ఇంట్లో ఊపిరి ఆడింది. కోడలు గీతాంజలి దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టి పాయసం వండింది. చిన్నాయన వరుస మనిషి వచ్చి, వాళ్ళు భయపడ్డారని, ఊరుకున్నంత ఉత్తమం లేదని తీర్పు చెప్పి రెండు గిన్నెలు తాగిపోయాడు. కిరణ్ మళ్ళీ తలెత్తుకుని తిరిగాడు. జేజికి గిన్నె తనే తెచ్చిచ్చాడు.

"నీ కోసమే కొట్టినా జేజీ," అన్నాడు.

ఉమామహేశ్వరమ్మ గిన్నె అందుకుని పక్కన పెట్టింది. ఆమె చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. బండి మీంచి పడినాడు.

ముప్పై అయిదేళ్ళ కిందట కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి ఆమె భర్త ఒక మనిషిని పార కర్రతో కొట్టాడు. చెయ్యి విరిగింది. చెట్టు మీంచి పడ్డానని రాయించుకున్నాడు ఆ మనిషి. అవతలివాళ్ళు అణిగిపోయారని ఆమె అత్త ఇట్లాగే పాయసం వండింది. కొత్త కోడలు కాకపోయినా అత్తమాట జవదాటని రోజులవి, ఆమె కూడా సంతోషంగా తాగింది. ఆ తర్వాత ఆ మనిషి ఎదురుపడినప్పుడల్లా ఎంతో మర్యాదగా పలకరించేవాడు. పంట ఎట్లుండాది, పిల్లోడు బడికి పోతాండాడా అని అడిగేవాడు. మళ్ళీ కాలువకు నీళ్ళు వదిలే నాటికి ఆమె భర్త సంతకు పోయి ఇంటికి రాలేదు. ఈ సీమలో కేసు పెట్టినవాడు కోర్టుకు పోతాడు. పెట్టనివాడు ఎక్కడికి పోతాడో ముందుగా చెప్పడు. నరసింహులుకు ఈ సంగతి తెలియనిది కాదు. భయం తీరిన సంతోషంలో మర్చిపోయాడు, లేదా మర్చిపోవాలనుకున్నాడు.

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఆమె నంద్యాల బస్సెక్కింది. పండ్లు కొనలేదు. పండ్లు పట్టుకుపోతే రాజీకి వచ్చిందనుకుంటారు.

ఆస్పత్రి గదిలో శశిధర్ తలకు కట్టుతో పడుకుని ఉన్నాడు. తల్లి సుకన్య మంచం అంచున కూర్చుని ఉంది. మద్దిలేటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. శిరివెళ్ళ పక్క పల్లెలో భూములున్నవాడు, కొడుకు చదువు కోసం ఆళ్లగడ్డలో ఇల్లు తీసుకున్నాడు. ఉమామహేశ్వరమ్మ తానెవరో చెప్పింది.

"కేసు పెట్టండప్పా. కొట్టింది మా కిరణ్. వాడే నాతో చెప్పినాడు. యాడికొచ్చి చెప్పమన్నా చెప్తా."

మద్దిలేటి నవ్వి, కుర్చీ జరిపాడు. "కూచో అమ్మా. ఎండన బడి వచ్చినావు. కేసేందీ? మావాడు బండి మీంచి పడినాడు."

టీ తెప్పించాడు. పంటల సంగతి అడిగాడు. మీవాడు బాగా చదువుతాడంట గదా అన్నాడు. ట్యూషనుకు ఏ దారిన పోతాడని అడిగాడు. ముప్పై అయిదేళ్ళ కిందటి మర్యాద అదే. మంచం మీద పిల్లవాడు తండ్రి మాటలు వినడానికి తల తిప్పి, బాగున్న కుడి చెవిని ఇటు పెట్టాడు. వాడి కళ్ళు తండ్రి మొహం మీదే ఉన్నాయి. వాడికి అన్నీ అర్థమవుతున్నాయని ఆమెకు తెలిసిపోయింది. ఆమె కట్టు కింద ఉన్న ఎడమ చెవి వైపు చూసింది. దెబ్బ తిన్నది వీడు, తన పేరు వల్ల.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నాయనా మద్దిలేటీ, మా ఆయన కొట్టినోడు గూడా చెట్టు మీంచే పడినాడు. మా ఇంట్లో ఒకడు బోయె. వాండ్ల ఇంట్లో ముగ్గురు జైల్లో ముసిలోల్లైరి. నీ కొడుక్కు ఇంగొక చెవి ఉండాది. దాంట్లో ఏం పోస్తాండావో చూసుకో."

మద్దిలేటి నవ్వు పోయింది. పెద్దదానివి, వచ్చిన దారిన పొమ్మన్నాడు.

ఆమె మెట్లు దిగుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. సుకన్య చెప్పులు కూడా వేసుకోకుండా వస్తోంది. ఆమెకు కూడా ఒక్కడే కొడుకు. ఇంటి నుంచి వచ్చిపోతున్న బావల గుసగుసలు రెండు రోజులుగా వింటోంది, నోరెత్తే ధైర్యం లేక ఊరుకుంది.

"నేను రాసిస్తాను. నాతో స్టేషన్‌కు వస్తావా?" అంది.

ఆళ్లగడ్డ బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. శిరివెళ్ళ దాటాక సుకన్య కిటికీలోంచి చూస్తూ, మీవాని మీద నాకు మంట చల్లారలేదని చెప్పింది. చల్లారాల్సిన పనిలేదంది ఉమామహేశ్వరమ్మ. తన బిడ్డను కొడితే తనకైనా చల్లారదు.

స్టేషన్లో ఎస్సై కాయితం రెండుసార్లు చదివాడు. ముద్దాయి జేజే సాక్షిగా రావడం అతను అంతవరకు ఎప్పుడూ చూడలేదు. ఇంటికి పోయి ఆలోచించుకో అమ్మా అన్నాడు. ఆలోచించడానికి తనకు సగం వయసు పట్టిందని చెప్పి, కోర్టుల చుట్టూ తిరిగే కాలంలో నేర్చుకున్న సంతకం చేసింది.

ఇంట్లో చెప్పడం దానికంటే కష్టమైంది. నరసింహులు ముందున్న కంచాన్ని తోసేశాడు. గీతాంజలి ఏడుస్తూ, ఏ జేజైనా సొంత మనవణ్ణి పట్టిస్తుందా అని శాపనార్థాలు పెట్టింది. నీ కోసం కొడితే నన్నే పట్టిచ్చినావా అని కిరణ్ అరిచాడు.

"నా కోసం గాదు. నలుగురు నవ్వినారని కొట్టినావు," అందామె. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే నరసింహులూ, మద్దిలేటి నాకు టీ ఇచ్చినాడు. మర్యాద జేసినాడు. నీ కొడుకు ట్యూషనుకు ఏ దారిన పోతాడని అడిగినాడు."

తండ్రి రాని ఆ పొద్దు నరసింహులూ గడపలో కూర్చుని దారి చూసినవాడే. మర్నాడు కిరణ్‌కు ఉతికిన చొక్కా వేయించి, తనే స్టేషన్‌కు తీసుకుపోయాడు. కానీ తల్లితో మాట్లాడడం మానేశాడు. అన్నం పెట్టమని కూడా భార్యతో చెప్పించేవాడు. ఆమెకు అది గుచ్చుకుంది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఒంటరిగా లేదు, అప్పుడు కొడుకు పక్కన ఉండేవాడు.

కర్నూలులో పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు నెలల తరబడి వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ ఆమె వెళ్ళింది. శశిధర్ ఎడమ చెవి ఇక వినపడదని డాక్టర్లు తేల్చారు. ఆ మాట అక్కడ చదివినప్పుడు ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కిరణ్ తల వంచుకుని శశిధర్‌కు క్షమాపణ చెప్పాడు. శశిధర్‌ను బదులు చెప్పమని ఎవరూ బలవంత పెట్టలేదు. కిరణ్ ఆదివారాలు ఆస్పత్రిలో పని చెయ్యాలని, తల్లిదండ్రులు పూచీ ఉండాలని బోర్డువాళ్ళు ఉత్తర్వు ఇచ్చారు.

ఆ రోజు బయట వరండాలో మద్దిలేటి తనంతట తానే ఆమె దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. పలకరింపులూ లేవు.

"మా వోల్లు అంతా మాట్లాడి పెట్టుకున్నారమ్మా," అన్నాడు. "దారి గూడా చూసి పెట్టినారు. ఎవురు చెయ్యల్లో గూడా తేల్చినారు, మా శశినే ముందు నిలబెట్టల్లని. ఆ పొద్దు నువ్వు రాకుంటే..."

"తెలుసు నాయనా," అందామె. "పిల్లోణ్ణి తీసుకుని ఇంటికి పో."

పక్కన నిలబడిన కిరణ్ అంతా విన్నాడు. వరండా అవతలి కొసన తల్లి పక్కన నిలబడ్డ శశిధర్ వైపు చూశాడు. బస్టాండు దాకా జేజి చెయ్యి పట్టుకునే నడిచాడు, చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోతానేమోనని పట్టుకున్నట్టు. దారిలో రాళ్ళు పరిచిన చోట ఆమె కాలు తడబడింది.

"మెల్లగా అమ్మా," అన్నాడు వెనక వస్తున్న నరసింహులు. అన్ని నెలల్లో తల్లితో అతనన్న మొదటి మాట అది.