డీఈ గారు కట్టించిన తొట్టి

మా డీఈ గారు పోయారని కదిరి నుంచి ఫోను వచ్చినప్పుడు, ఖర్చు తగ్గించమని తిప్పి పంపిన ఎస్టిమేటు నా బల్ల మీద ఉంది. అందులోంచి ట్యాంకు కింది పశువుల తొట్టి కొట్టేస్తే వారంలో పాసవుతుంది. అది వింటే ఆయన ఏమనేవారో నాకు తెలుసు. పోయిన రోజు కూడా ఈయన నన్ను వదలరా అని ముందు విసుగే వచ్చింది.

తాగునీటి పథకాల్లో డిప్యూటీ ఇంజినీరైన ఆయన కింద అసిస్టెంట్ ఇంజినీరుగా చేశాను. పని చెడకుండా ఖర్చు తగ్గించే వాల్యూ ఇంజినీరింగని శాఖవాళ్లు మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆయనకు అదంతా ఒక్క ప్రశ్నే. డ్రాయింగులో ప్రతి గీత మీదా వేలు పెట్టి, "ఇది ఏం పని చేస్తాదప్పా? ల్యాకపోతే ఏమైతాది?" అనేవారు. జవాబు చెప్పేదాకా అన్నం తిననిచ్చేవారు కాదు.

గోరంట్ల వైపు ఒక పథకానికి నేను డ్రాయింగులో దారి మధ్య రెండో పంపుహౌసు పెట్టాను. మే నెల ఎండలో నన్ను గుట్ట ఎక్కించారు. పైన కూర్చుని, "నీళ్లు ఈడికొచ్చినంక దిగేదానికి మోటరెందుకు?" అన్నారు. పంపుహౌసు పోయింది. ఆయన చెప్పిందే సరైనదని తేలడం ఇంకా ఒళ్లు మండించింది.

ఆ ఊపులో, ఆయన సెలవులో ఉన్నప్పుడు, నేను ఆ డ్రాయింగులోంచి పశువుల తొట్టి కూడా కొట్టేశాను. మనుషుల పథకంలో గొర్రెలకేం పని అనుకున్నాను. పథకం కట్టాక వేసవి వచ్చేసరికి, పైపులో గాలి పోవడానికి పెట్టిన ఎయిర్ వాల్వు ఎవరో పగలగొట్టారు. నీళ్లన్నీ బీడు పాలయ్యాయి. చివరి ఊళ్లో ఆడవాళ్లు నాలుగు రోజులు ఖాళీ బిందెలతో నన్ను తిట్టారు.

పగలగొట్టిన గొర్రెల కాపరి దాచలేదు. "మందకు నీళ్లు యాడ తాపల్ల సారూ? తొట్టి కట్టింటే మేమెందుకు ముడతాము?" అన్నాడు. డీఈ గారు అతన్ని ఒక్క మాటా అనలేదు. నా వైపు తిరిగి, "ఖర్చు తగ్గీమంటి. పని తగ్గీమంటినా?" అన్నారు. తొట్టి కట్టించి, సిమెంటు ఎండిపోకుండా వారం రోజులు నా చేతనే నీళ్లు పోయించారు. ఊరంతా చూసింది. ఆ కోపం నాకు చాలా ఏళ్లు పోలేదు. ఇప్పుడు కోపగించుకుందామన్నా ఆయన లేరు, అదే బాధగా ఉంది.

కదిరిలో ఆయన్ని మట్టి చేసి వస్తూ ఆ తొట్టి దగ్గర బండి ఆపాను. బల్ల మీది ఎస్టిమేటులో తొట్టి ఉంటుంది, పాస్ కావడం ఎంత ఆలస్యమైనా సరే. మంద మొత్తం తలలు వంచి తాగుతోంది. పక్కనే ఎయిర్ వాల్వు పొడిగా, ఎవరూ ముట్టక, సాలెగూడు పట్టి ఉంది.