మా బావ నీలం గౌను

మా బావ లిఫ్టు మెకానిక్కు. ముప్పై రెండేళ్లు లిఫ్టు గుంటల్లోకి దిగి, తాళ్లకి గ్రీజు రాసి, మధ్యలో ఇరుక్కుపోయిన వాళ్లని బయటికి లాగిన మనిషి. గోళ్ల కింద నలుపు పెళ్లి ఫొటోలో కూడా కనిపిస్తుంది. ఆరడుగుల ఎత్తు, తలుపంత వీపు. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నంత పొదుపు.

రెండేళ్లకోసారి ఆయనా మా అక్కా ఓడెక్కి వారం రోజులు సముద్రం మీద తిరిగొచ్చేవాళ్లు. ఎవర్నీ రమ్మనేవాళ్లు కాదు. "నన్నూ తీసుకెళ్లవే" అంటే అక్క, "నీ నోరు మూటకట్టి ఇంట్లో పెట్టి వస్తానంటే రా" అనేది. సరదాకి అంటోందనుకునేవాణ్ని.

అక్క పోయిన ఏడు నెలలకి ఆమె టికెట్టు మీద నేను వెళ్లాను. ముందే కొన్నది, వృథాగా పోవడమెందుకని నేనే పట్టుబట్టి పేరు మార్పించాను. బావ వద్దనలేదు. రమ్మనీ అనలేదు.

నాలుగో రోజు సాయంత్రం అందరూ ముస్తాబై భోజనానికి రావాలన్నారు. నేను టైతో కుస్తీ పడుతుంటే, మా క్యాబిన్‌లోని రెండు గదుల మధ్య తలుపు చప్పుడైంది.

"ఒరేయ్, ఓసారి ఇటు రా. జిప్పు అందట్లేదు."

వెళ్లి చూస్తే బావ ఒంటి మీద నీలం గౌను! మెడ చుట్టూ సన్నటి పూసల వరస, పాదాల దాకా జారే మెత్తటి బట్ట. వీపు మీద జిప్పు సగంలో ఆగిపోయి ఉంది. తాళ్లు లాగి లాగి ఆయన కుడి భుజం పైకి లేవదు.

నాకు నవ్వాగలేదు. "వేషాల పోటీ ఉందా బావా? ముందే చెప్తే నేనూ మా ఆవిడ నైటీ తెచ్చుకునేవాణ్నిగా!"

బావ అద్దంలోంచి నన్ను చూశాడు. ఏదో చెప్పబోయాడు. చెప్పబోతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నా నోరు ఆగితేగా!

"కడుపు లోపలికి లాక్కో, కడుపు లోపలికి లాక్కో" అంటూ జిప్పు పైకి లాగేశాను.

"ఆఁ... పోటీ లాంటిదే" అన్నాడు.

ఆ గౌను ఆయన వీపుకి కొలత తీసి కుట్టినట్టుంది. పెదాల రంగు గీత దాటలేదు. సరదాకి వేషం కట్టేవాడికి అంత పనితనం ఎక్కణ్నించి వస్తుందని నా బుర్రకి తట్టలేదు.

మా టేబులు దగ్గర ఇంకో రెండు జంటలు కూర్చుని ఉన్నాయి. ఒక ముసలి వెయిటరు గబగబా వచ్చి, బావ కోసం కుర్చీ వెనక్కి లాగి, ఆయన కూర్చుంటుంటే మెల్లిగా ముందుకి జరిపాడు. బావ మొహం వెలిగింది. ఏడు నెలల్లో ఆ మొహాన్ని అలా చూడలేదు. కనీసం అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది.

"చూశారా, వెయిటరు కూడా మోసపోయాడు!" అని చప్పట్లు కొట్టాను. "ఈయన మా బావండీ. లిఫ్టులు బాగుచేస్తాడు. ఏదీ, ఒక్కసారి నడిచి చూపించు బావా!"

టేబులంతా గొల్లుమంది. పక్క టేబుళ్ల వాళ్లు ఇటు తిరిగారు. ఫోన్లు పైకి లేచాయి. బావ నిదానంగా లేచి, నడుం మీద చెయ్యేసుకుని, హాలు మధ్యలో ఒయ్యారంగా నాలుగడుగులు వేశాడు. ఎవరో ఈల వేస్తే కన్ను కూడా కొట్టాడు. తిరిగొచ్చి కూర్చుని, సూపులో చెంచా పెట్టి, మళ్లీ తియ్యలేదు.

మర్నాడు పొద్దున నేనొక్కణ్నే కాఫీకి వెళితే, ఆ వెయిటరే పోస్తూ అడిగాడు. "ఎప్పుడూ ఆయనతో వచ్చే అమ్మగారు ఈసారి రాలేదేంటి సార్?"

అక్క పోయిందని చెప్పాను. చేతిలో కాఫీ జగ్గు కింద పెట్టేశాడు.

"మూడుసార్లు వచ్చారు సార్ ఇద్దరూ. అదిగో, ఆ కిటికీ పక్క టేబులు. ఆ గౌను అమ్మగారే కుట్టించారట. 'ఆడవాళ్లకి లాగినట్టే ఈయనకీ కుర్చీ లాగు. నవ్వావో, నీ సంగతి చెప్తా' అన్నారు నాతో. ఎవరూ నవ్వేవాళ్లు కాదు సార్. హాయిగా తిని, కాసేపు డెక్కు మీద నడిచి వెళ్లేవాళ్లు. మరి నిన్న రాత్రి..." అని ఆగిపోయి, టేబులు తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తుడిచి ఉంది.

ఆఖరి రోజు సాయంత్రం మళ్లీ ముస్తాబు భోజనం. ఈసారి మధ్య తలుపు నేనే తట్టాను.

"బావా, జిప్పు వెయ్యనా?"

ప్యాంటూ చొక్కాలో ఉన్నాడు. మంచం మీద పెట్టె సర్దేసి ఉంది. అడుగున నీలం అంచు కాస్త కనిపిస్తోంది, దాని మీద చొక్కాలు.

"నాకు తెలీదు బావా. అక్క ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

"చెప్పొద్దన్నది నేనేరా."

"ఇవాళ వేసుకో. నోరెత్తితే ఒట్టు."

"నువ్వెత్తకపోతే ఏం లాభంలే. హాలంతా ఎదురుచూస్తుంటుంది" అన్నాడు, చేతి గుండీ పెట్టుకుంటూ. కోపం లేదు. ఈ తాడు ఇంక పనికిరాదని ఇంటివాళ్లకి చెప్పేటప్పుడు ఉండే గొంతే అది.

హాల్లో అడుగు పెట్టగానే, "ఏదీ, మేడమ్‌గారు రాలేదా?" అని రెండు టేబుళ్ల వాళ్లు నవ్వారు. బావ వాళ్లకి చెయ్యి ఊపాడు. ముసలి వెయిటరు అలవాటుగా పరుగున వచ్చి కుర్చీ మీద చెయ్యేశాడు. ప్యాంటు చూశాడు. లాగాలో వద్దో తోచక అలాగే నిలబడిపోయాడు.

"పర్లేదులే" అని, బావ తన కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు.