సున్నం వేసిన సమాధి

ఈరోజు గుడ్ ఫ్రైడే. తార్నాక నుంచి యూనివర్సిటీలోకి వాకింగ్‌కి వెళ్తే, రోడ్డు పక్క చెట్లకు సున్నం వేస్తున్నారు. ఆ పచ్చి వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

నాకప్పుడు ఆరేళ్లు. ఈస్టర్ ముందు రోజు అమ్మ నన్ను సమాధుల తోటకు తీసుకెళ్లి, తాత సమాధికి సున్నం వేసింది. మా ఇంటికి సున్నం వేసేది ఎవరైనా వస్తున్నారంటేనే. పైగా, యేసు చనిపోయినప్పుడు సమాధులు తెరుచుకున్నాయని ముందు రోజే చర్చిలో పాస్టర్ చదివాడు. ఇంకేముంది, తాత వస్తున్నాడనుకున్నాను. ఆయన బెల్టు అప్పటికింకా మా తలుపు వెనకే వేలాడుతోంది. ఆ దెబ్బలు నా వీపుకు గుర్తున్నాయి.

ఈస్టర్ నాడు తెల్లారకముందే కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లాం. అందరూ పాట అందుకోగానే అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను.

"ఏమైంది బిడ్డా?"

"తాత లేస్తడమ్మా! ఇంటికి పోదాం."

అమ్మ తెల్లటి సమాధినే చూస్తూ, "లేస్తే మంచిగుండు బిడ్డా," అన్నది. నాకు ఇంకా భయమేసింది.

ఇప్పుడు అమ్మ కూడా ఆయన పక్కనే ఉంది. రేపు ఆమె సమాధికి నేను సున్నం వేయాలి. ఎల్లుండి చీకటితోనే కొవ్వొత్తి వెలిగించాలి. నాకు మళ్లీ భయంగా ఉంది, ఎంతసేపు చూసినా అక్కడ ఏదీ కదలదని.