బురుజుకు రెండు బీగాలు

మొన్న మా ఊరి నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది, నాకు మనవరాలి వరుస. "అవ్వా, మేమంతా కలిసి మన బురుజు బాగుచేస్తాండాం. పైన మొలిచిన చెట్లు పీకేసినాం, మెట్లు సర్దినాం. తలుపు పెట్టి బీగం వేద్దామనుకుంటాండాం, ఏమంటావు?" అనింది. అంతవరకు సంతోషంగా వింటున్నదాన్ని, బీగం మాట చెవిన పడేసరికి నాకు ఒళ్లు మండింది. "బీగమా? మీ మొగాలకు వేసుకోండి" అని ఫోన్ పెట్టేసినాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు.

మాది జమ్మలమడుగు పక్క రేగడి పల్లె. పాలెగాళ్ల కాలం పోయినాక మా బురుజుకు మిగిలిన పని ఒకటే, నిప్పు లేస్తాందేమోనని కావలి కాయడం. ఎండాకాలం వస్తే ప్రతి దొడ్లోనూ జొన్నచొప్ప వామి, వామిని ఆనుకునే ఇల్లు. మధ్యాహ్నం గాలి లేచిందంటే బురుజు మీది కావలిమనిషి తప్పెట కొట్టేవాడంట. అది వినబడగానే ఆడోళ్లు పొయ్యిలో నీళ్లు పోయాల్సిందే, సంగటి ఉడికినా సరే, ఉడక్కపోయినా సరే. సగం ఉడికిన సంగటి తినని మనిషి మా ఊర్లో లేడని మా అవ్వ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి మెట్లు కూలి, ఆ కావలి నిలిచిపోయింది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లోనే ఒక ఎండాకాలం మా వీధికి నిప్పంటుకుని, అవ్వ సాకుకునే పాలెనుము, ఒక్కగానొక్క బర్రె, కట్టుకొయ్య దగ్గరే కాలిపోయింది. మళ్లీ ఎండలు ముదిరేలోగా బురుజు మీద కావలి పెట్టాలని మా చిన్నాయన ఆ రోజే పట్టుబట్టినాడు.

ఆయనకు మొదటి తోడు దూదేకుల మామ. ఇంటినిండా దూది కాబట్టి నిప్పంటే ఆయనకు అందరికన్నా భయం. ఇద్దరూ ఇంకొంతమందిని కూడగట్టుకుని పనికి దిగితే, బురుజు రాళ్లు సగం లేనే లేవు! ఒక రాయి ఒకరింట్లో ఎద్దులు మేసే గాడిపాడికి పోయింది, ఇంకొకటి ఒకరింట్లో మెట్టయింది. మా అవ్వ బట్టలుతికే బండ కూడా అక్కడిదే. "నా బండ ముట్టుకుంటే చేతులిరగ్గొడతా" అని అవ్వ అడ్డం పడింది. "మనింటిది తీయకుండా ఇంకొకరిని యాడ అడిగేదమ్మా?" అని చిన్నాయన గడ్డపార వేసినాడు. అవ్వ ఆ దినం నుంచి ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. సున్నం గానుగకు మా కాడెద్దులనే కట్టినారు. బెల్లంనీళ్లు, కరక్కాయనీళ్లు పోసి నూరిన ఆ సున్నం వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

తీరా పని ముగిసి, తప్పెట పైకెక్కించినాక వచ్చినారు పెద్దమనుషులు ఇద్దరూ, పైవీధాయన ఒకడు, కిందివీధాయన ఒకడు. వాళ్లకు తరాల నుంచి పడదు. పని జరిగినన్నాళ్లూ ఒక్కడూ ఒక రాయి ఎత్తిన పాపాన పోలేదు. "వాళ్ల మనిషి పైకెక్కితే మా ఆడోళ్లు నీళ్లు పోసుకునేది కనపడ్తాది" అని పైవీధాయన. "మీ మనిషెక్కితే మా ఇంటికి వచ్చేపోయేవాళ్లను కనిపెడ్తాడు" అని కిందివీధాయన. కడకు తేల్చిందేందయ్యా అంటే తలుపు పెట్టి రెండు బీగాలు, చెరొక తాళంచెవి, చెరొక కావలిమనిషి, ఎక్కితే ఇద్దరూ కలిసే ఎక్కాల. "అప్పా, నిప్పుకు మీ వీధి, మా వీధి తెలుస్తాదా?" అని చిన్నాయన మొత్తుకున్నాడు. "నిప్పుక్కూడా రెండు బీగాలు వేయమను పో" అని దూదేకుల మామ ఉమ్మేసి పోయినాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు కొరుక్కోబుద్ధి అయితాది.

వైశాఖంలో పైవీధాయన కూతురి పెండ్లికి బంగారు కొనను ప్రొద్దుటూరు పోయినాడు. అదే దినం కిందివీధాయన పులివెందులలో వియ్యంకుడింటికి పోయినాడు. ఇంట్లోవాళ్లను కూడా నమ్మక తాళంచెవులు మొలతాళ్లకు కట్టుకునే పోయినారు మహానుభావులు. కావలివాళ్లిద్దరూ తలుపు ముందర నీడలో కూర్చున్నారు, తప్పెట పైన ఉంది. గాలి లేచింది. పొయ్యిలు ఆర్పమని చెప్పే దిక్కు లేదు. చూస్తుండగానే పొగ ఊరంతా కమ్ముకుంది, ఎవరింట్లో లేచిందో తెలియలేదు. చిన్నాయన గడ్డపారతో పరిగెత్తుకుంటా వచ్చి, తాను నిలబెట్టిన బురుజు తలుపును తానే పగలగొట్టి పైకెక్కినాడు. అక్కడి నుంచి చూస్తే కాలుతాండేది మా వామే. మేము కడవలతో పోయేసరికి బూడిద మిగిలింది. మేపను చొప్ప లేక, సున్నం తిప్పిన ఆ ఎద్దులనే సంతకు తోలుకుపోయి, చిన్నాయన వట్టి పలుపులు భుజాన వేసుకుని తిరిగొచ్చినాడు. అవ్వ అప్పుడు మాట్లాడింది, "తినురా నాయనా" అని.

పెద్దమనుషులు ఊర్లోకొచ్చి అడిగిన మొదటి మాట ఏందనుకున్నారు? "తలుపు ఎవడు పగలగొట్టినాడు?"

కోపం దిగినాక నేనే ఆ పిల్లకు ఫోన్ చేసి ఇదంతా చెప్పినాను. బురుజు నిలబెట్టండి గానీ బీగం వద్దే తల్లీ అని బతిమాలినాను. "నిజమే అవ్వా. కానీ బీగం లేకుంటే ఊర్లోవాళ్లు ఒప్పుకోరంట. ఈసారి మూడు వేయాలంట, పార్టీలు మూడైనాయి గదా" అనింది ఆ పిల్ల. కాలం ముందుకు పోతాదంటారు, మా ఊర్లో కూడా పోయింది లెండి, రెండు బీగాల కాడి నుంచి మూడు బీగాల కాడికి.