చివరి ఓడ వేగం

వీధిలో రోడ్డుకు తారు పోస్తున్నారు. కిటికీ మూసినా ఆ వాసన ఆగలేదు. దానితోపాటే రత్నమ్మ గారూ గుర్తుకొచ్చారు. మాంట్రియల్‌లో నది ఒడ్డున మా చిన్న ఓడల మ్యూజియంలో ఆవిడ గైడు, నేను టూర్ల షెడ్యూల్ చూసేవాణ్ణి. తారు పూసిన తాడు ముక్కను సందర్శకుల ముక్కు దగ్గర పెట్టి, "పీల్చండి, నెలల తరబడి ఓడవాళ్ళకిదే గాలి" అనేవారు. మొన్న ఆవిడ సంతాప సభలో ఒకాయన, "పాపం, చివర్లో నడవలేకపోయారు, అందుకే ఉద్యోగం మాన్పించారు" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. అది అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే కాబట్టి ఇంకా మండింది.

ఫిజీలో పుట్టిన ఆ తెలుగావిడ తాతముత్తాతలు కూలికని ఓడెక్కినవాళ్ళు. సముద్ర ప్రయాణాన్ని సాహసగాథగా చెప్పడం ఆవిడకు గిట్టేది కాదు. టూర్లో ఆవిడ చెప్పేది ఇదీ: పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధకాలంలో వర్తక ఓడలు గుంపుకట్టి, యుద్ధనౌకల కాపలాలో అట్లాంటిక్ దాటేవి. గుంపంతా అన్నిటికంటే నెమ్మదైన ఓడ వేగంతో సాగాలి. ఓపిక లేని కెప్టెన్లు ముందుకు దూసుకుపోయేవారు. వెనకబడ్డ ఓడ శత్రువుకు చిక్కేది.

"ముందెళ్ళిపోతే ఏమవుద్ది ఆంటీ?" అని ఒక స్టూడెంట్ అడిగాడు.

"నీకేం కాదు నాయనా. నువ్వు క్యుబెక్‌లో దిగి విందు చేసుకుంటావు. వెనకవాడు శత్రువు జైల్లో గంజి తాగుతాడు."

టూర్ కూడా ఆవిడ అలాగే నడిపేవారు. వాకర్ పట్టుకున్న ముసలాయన వచ్చి చేరేదాకా గుంపును నిలబెట్టి, నోరు విప్పేవారు కాదు.

"ఆంటీ, నెక్స్ట్ గ్రూప్ వెయిట్ చేస్తోంది" అనేవాణ్ణి నేను.

"చెయ్యనీవయ్యా. వాళ్ళ ఓడేం మునగదు."

టూర్లు ఆలస్యమవుతున్నాయని మేనేజర్ నన్ను నిలదీశాడు. పెద్దవాళ్ళ మీదికి మాట రాకుండా "పెద్దావిడ కదండీ" అని సర్దేయడం మనవాళ్ళ అలవాటు. నేనూ అదే అన్నాను. మన ఇళ్ళలో ఆ మాటతో గొడవ ముగుస్తుంది. మేనేజర్‌కు మాత్రం ఆవిడ నడవలేకపోతున్నారని అర్థమైంది. అక్కడ ఆవిడ ఉద్యోగం ముగిసింది. పూలగుత్తి చేతికిచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని పంపేశారు. ఏం ఆరోగ్యం? మంచులో బస్సు వెనక పరుగెత్తి ఎక్కే మనిషి!

"ముసలిదాన్నని చెప్పావటగా?" అన్నారు కోటు తొడుక్కుంటూ.

"మిమ్మల్ని కాపాడదామనే ఆంటీ."

"నన్నే అడగమంటే పోయేది కదయ్యా. ఎందుకాగుతున్నానో నేనే చెప్పుకునేదాన్ని."

ఆ ఒక్క అవకాశం ఆవిడకు ఎవరిచ్చారు? కాలు బాగున్న మనిషిని జాలితో కుంటిదాన్ని చేశాం. చచ్చాక కూడా ఆ జాలి ఆవిణ్ణి వదల్లేదు.

ఇప్పుడు ఆ టూర్ నేను నడుపుతున్నాను. చివరి మనిషి మెట్టెక్కేదాకా మాట్లాడను. నిన్న కొత్త మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, ఒంట్లో బాగాలేదా అని ఎంతో ప్రేమగా అడిగాడు.

"శుభ్రంగా ఉంది. కావాలనే ఆగుతున్నాను" అన్నాను.