ఊరికే

జానమ్మ తెల్లవారకముందే మా తలుపు కొట్టింది. తీసి చూస్తే ఎడమ చేతి బొటనవేలికి ఇంత లావున గుడ్డ కట్టు ఉంది.

"ఏమైందక్కా?" అన్నాను కంగారుగా.

"కత్తిపీటకు తెగింది" అంది పైకి వినపడేలా. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది. "ఏం తెగలె మల్లీశ్వరీ. ఎవ్వలకు చెప్పకు. నువ్వు గూడ తయారై మా బండిల రా. నాకొక సాక్షి కావాలె."

పిక్నిక్‌కి పులిహోర కట్టుకుపోయేవాళ్లను చూశాను. దుప్పట్లు, బంతులు, పేకముక్కలు పట్టుకుపోయేవాళ్లను చూశాను. సాక్షిని వెంటబెట్టుకుపోయే మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

ఆమె భయమల్లా రెండెకరాల చెలక. మక్తల్ దగ్గర వాళ్ల ఊళ్లో ఉంది. భర్త యోహాను, తను రెక్కలు ముక్కలు చేసుకుని కొన్నది. ఆయన పోయాక పట్టా ఆమె పేరు మీదికి వచ్చింది. షికారని చెప్పి కొడుకు తనను మక్తల్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకుపోతాడని, వేలిముద్ర వేయించి ఆ భూమి అమ్మేస్తాడని ఆమె అనుమానం. వేలికి దెబ్బ తగిలి ఉంటే ముద్ర ఎలా వేయిస్తారో చూద్దామని ఈ కట్టు.

"అయితే పోనంటే సరిపోదా?" అన్నాను.

"పోనంటె ఇయ్యాల కాకుంటె రేపు తీస్కపోతరు. పోతెనే వాండ్ల మనసుల ఏమున్నదో తెలుస్తది."

మేముండేది హైదరాబాద్‌లో, ఆరాంఘర్ చౌరస్తా దాటాక ఒక అపార్ట్‌మెంట్‌లో. ఎదురెదురు వాకిళ్లు. జానమ్మ సంగతి ఆ బిల్డింగులో అందరికీ తెలుసు. కూరగాయల బండి వస్తే అరకిలో ఉప్పు ప్యాకెట్ పట్టుకుని దిగుతుంది. ముందు ఆ ప్యాకెట్‌ను అతని కాటాలో పెట్టి చూసి, ఆ తర్వాతే వంకాయలు ఏరుతుంది. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతుందని, బయట విడిచిన చెప్పుల మీద ఆ కన్ను ఉంటుందని కోడలు గ్రేస్ నవ్వుతూ చెబుతుంది. అనుమానం పెనుభూతం అంటారు. మా జానమ్మకు మాత్రం అది ఇంట్లో మనిషి, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడుతుంది.

మొదట్లో నాకూ చిరాకుగానే ఉండేది. ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ తన కథ చెప్పింది. అప్పటి నుంచి చిరాకు పోయింది.

చిన్నపిల్లగా ఉన్నప్పుడు మేనత్త "మక్తల్ సంతకు పోదాం, గాజులు కొనిస్త" అని తీసుకుపోయిందట. గాజులు కొన్నమాట నిజమే. గాజుల దుకాణం ముందు యోహాను, అతని తండ్రి నిలబడి పిల్లను చూసుకున్నారు. ఆ గాజులతోనే పెళ్లి అయిపోయింది. యోహాను మంచివాడు. ఎవరేం చెప్పినా నమ్మేవాడు. ఒక ఏడు వానలు పడలేదు. కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రి లారీ తెచ్చి, కాలువ పని ఉంది, క్రిస్మస్ లోపల తిరిగొస్తారు, కొత్త దేశం చూసినట్టూ ఉంటుంది అన్నాడు. యోహాను నమ్మాడు, పెళ్లానికీ అదే మాట చెప్పాడు. లారీ మహారాష్ట్రలో ఎక్కడో ఆగింది. రెండు క్రిస్మస్‌లు ఆ మట్టి తట్టల కిందే పోయాయి. జానమ్మ తల్లి చచ్చిపోయిందన్న కబురు, సమాధి మీద గడ్డి మొలిచాక చేరింది. కొడుకు ప్రేమ్‌సాగర్ పుట్టిన తర్వాత ఆడబిడ్డ సినిమా చూపిస్తానని బస్సెక్కించింది. దింపింది మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే క్యాంపు ముందు.

"మోసగాండ్ల బండి నేనెన్నడు ఎక్కలె మల్లీశ్వరీ. వాండ్లు మొకం చూస్తెనే ఎరుకైతరు. నమ్మినోండ్ల బండే ఎక్కిన, ఎక్కినప్పుడల్ల ఏదో ఒకటి పోగొట్టుకునే దిగిన" అంది. కాసేపు గింజలు తీసి, మళ్లీ తనే అడిగింది. "ఇన్నేండ్లల్ల ఒక్కలన్న నన్ను ఏ పని లేకుండ, సంబురానికి, యాడికన్న తీస్కపోయిన్రా?"

ఆ మాటలో కోపం లేదు, ఆశ ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అసలు ఈ షికారు మాట ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. క్రిస్మస్ అయిపోయింది, చలి ఇంకా తగ్గలేదు. దోసెల పిండి గిన్నె తిరిగి ఇవ్వడానికి వాళ్లింటికి వెళితే, అందరూ ఫోన్ చుట్టూ చేరి పొద్దున పోయి రాత్రికి వచ్చే చోటు వెతుకుతున్నారు. జానమ్మ మనవరాలు స్నిగ్ధ, నాలుగో తరగతి, నీళ్లు ఉన్న చోటికే పోవాలని పట్టుబట్టింది.

"నాగార్జునసాగర్ వెళ్దామా?" అంది గ్రేస్. ఆమెది బాపట్ల వైపు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ యాస పోలేదు.

"సాగర్ తొవ్వ పొడుగూత ప్లాట్లే" అంది జానమ్మ. "బస్సుల తీస్కపోయి, బిర్యానీ తినవెట్టి, ప్లాటు అంటగడ్తరు. నేను చూడలేదా?"

"సోమశిల బాగుంటుందంట అత్తయ్యా. పడవ ఎక్కొచ్చు."

"పడవ ఎక్కినంక ఎవడేమన్న వినుడే. నడిమిట్ల దిగనీకి వస్తదా?"

కోయిల్‌సాగర్ అంటే ప్రేమ్‌సాగరే పెదవి విరిచాడు. అతను షాద్‌నగర్ దగ్గర మందుల కంపెనీలో సూపర్‌వైజర్. కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, "జూరాల పోదాం. డ్యాం పక్కన చాపలు మస్తు దొరుకుతయ్. శుక్రవారం నాకు సెలవు" అన్నాడు.

జానమ్మ చేతిలో ఉన్న గిన్నె ఆగిపోయింది. జూరాల నుంచి మక్తల్ ఎంత దూరమని? "శుక్రవారమెందుకు? పిల్లకు బడి లేదా? ఆదివారం పోతె ఏమైతది?"

"ఆదివారం చర్చి ఉంటది గదమ్మా."

"శుక్రవారం ఆఫీసులు ఉంటయ్ గదా" అంది ఆమె, గాలితో చెప్పినట్టు. ప్రేమ్‌సాగర్ వినిపించుకోనట్టు ఫోన్‌లోకి తల దూర్చాడు.

గ్రేస్ నవ్వి అత్త భుజం మీద చెయ్యి వేసింది. "ఏ పనీ లేదు అత్తయ్యా. ఊరికే వెళ్లొద్దాం."

ఆ మాట వినగానే జానమ్మ ముఖం ఎందుకు మాడిపోయిందో నాకు అర్థం కాలేదు. ఊరక రారు మహాత్ములు అన్నట్టు, ఆమె లెక్కలో ఊరక పోయేవాళ్లు కూడా ఉండరు కాబోలు అనుకున్నాను. ఆ తెల్లవారుజామున మా తలుపు మూసి నిలబడి, "కోడలే నోరు జారింది" అన్నప్పుడు కూడా నాకు తలాతోకా తెలియలేదు. అయినా చీర మార్చుకుని బయలుదేరాను. సాక్షినని కాదు, జూరాల చేపలని.

కారులో జానమ్మ వెనకసీట్లో, సరిగ్గా కొడుకు వెనక కూర్చుంది. శాలువా కప్పుకుని, కట్టు ఉన్న వేలిని అందరికీ కనపడేలా ఒడిలో పెట్టుకుంది. దారంతా మంచు. షాద్‌నగర్ దగ్గర ప్రేమ్‌సాగర్ కిటికీలోంచి చూపిస్తూ, "ఈడ జాగలు చూడు ఆంటీ, మొన్నటిదాకా పల్లి చేన్లు. ఇప్పుడు కొనాలంటె దొరుకుతలేవు" అన్నాడు. జానమ్మ మోచేత్తో నన్ను పొడిచింది.

కొత్తకోటలో చాయ్‌కి ఆగాం. అతనికి ఫోన్ వచ్చింది. మాట్లాడటానికి హోటల్ వెనక్కి పోయాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయాడు. రెండోసారి "ఆఁ సార్, నాలుగు గొట్టంగ" అన్న ముక్క నా చెవిన పడింది. కంపెనీ పని అయి ఉంటుందిలే అనుకున్నాను. కానీ చాయ్ రుచి పోయింది. అనుమానం కూడా గజ్జి లాంటిదే, పక్కన కూర్చుంటే అంటుకుంటుంది. అప్పటి నుంచి నేను కూడా అతని మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆత్మకూరులో జానమ్మ సీటు అంచుకు జరిగి ముందుసీటు పట్టుకుంది. అక్కడినుంచి మక్తల్‌కు ఒక దారి, డ్యాంకు ఇంకొక దారి. కారు డ్యాం వైపే తిరిగింది. ఆమె ఊపిరి వదలడం నాకు వినిపించింది.

జూరాలలో ఎండ అప్పుడే పదునెక్కింది. గేట్లు మూసి ఉన్నాయి. కనుచూపు మేర నీళ్లు, వాటి మీద తెల్లపిట్టలు. స్నిగ్ధ పరుగెత్తింది. జానమ్మ ముందు చుట్టూ చూసింది. ఎవరైనా కాగితాలు పట్టుకుని నిలబడ్డారేమోనని చూసిందని నాకు తెలుసు. ఎవరూ లేరు. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, మెల్లగా నీళ్లలోకి దిగింది.

"అబ్బ, సలి!" అని చిన్నపిల్లలా నవ్వింది. నేను ఆమె అంత గట్టిగా నవ్వగా ఎప్పుడూ వినలేదు. "ఇన్ని నీళ్లు పక్కన వెట్టుకోని మేము మట్టి మొయ్యనీకి మహారాష్ట్ర పోయినం చూడు మల్లీశ్వరీ" అంది. ఆ మాట అన్నాక కూడా నవ్వు పోలేదు. మనవరాలి మీద నీళ్లు చల్లింది. గ్రేస్ ఫొటోలు తీస్తుంటే తల సర్దుకుని నిలబడింది. ఆ కాసేపు నేను కూడా కొత్తకోట సంగతి మరిచిపోయాను.

గుడిసె హోటల్లో వేయించిన చేపలు వేడివేడిగా తెచ్చి బల్ల మీద పెట్టారు. స్నిగ్ధ ఆత్రంగా ముక్క నోట్లో పెట్టుకోబోయింది.

"ఆగు బిడ్డా, ముండ్లుంటయ్" అంది జానమ్మ. ఒంటిచేత్తో ముల్లు తీయబోతే రాలేదు. కట్టు అడ్డం వచ్చింది. చరాలున ఆ గుడ్డ ఊడదీసి పక్కన పడేసి, రెండు చేతులతో చేపను విప్పి ముళ్లు తీయడం మొదలుపెట్టింది. పిల్ల గొంతులో ముల్లు గుచ్చుకుంటుందన్న భయంలో, తను ఏం చేసిందో తనకే తెలియలేదు.

"అత్తయ్యా, దెబ్బ ఏదీ?" అంది గ్రేస్.

జానమ్మ చేతులు ఆగాయి. బొటనవేలు నిగనిగలాడుతోంది. దాచడానికి ఇక ఏమీ లేదని తెలిసి, తలెత్తి చెప్పేసింది. "మక్తల్ తీస్కపోయి ముద్ర వేయిస్తరనుకున్న. నువ్వే అంటివి గదా, ఊరికే పోదామని. మా ఊరికేనని నేను అప్పుడే పట్టిన."

గ్రేస్ కాసేపు బిత్తరపోయి చూసి, పకపకా నవ్వింది. "అయ్యో అత్తయ్యా! ఊరికే అంటే ఊరికి కాదు. మీరు ఊకెనే అంటారే, అది! ఏ పనీ లేకుండా, సరదాగా అని!"

"ఊకెనేనా?" అంది జానమ్మ. "మరి గట్ల చెప్పరాదా పిల్లా, నేను రాతిరంత నిద్రపోలె." తను కూడా నవ్వడం మొదలుపెట్టింది. నేను కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాను. హోటల్ ఆవిడ కూడా ఏమిటో తెలియకుండానే నవ్వింది.

ప్రేమ్‌సాగర్ నవ్వలేదు.

జానమ్మే ముందు గమనించింది. నవ్వు ఆపి కొడుకును చూసింది. "నువ్వెందుకు నవ్వుతలేవురా?"

అతను నీళ్ల గ్లాసును అటూ ఇటూ జరిపాడు. "మక్తల్‌ల ఒకాయన కలుస్తనన్నడు అమ్మా, నాలుగింటికి. సంతకం గింతకం ఏం లేదు. ఊకెనే, భూమి గురించి ఒక మాట మాట్లాడదామని." ఆ 'ఊకెనే' అతని నోట్లోనే సగం నలిగిపోయింది. "షాద్‌నగర్ కాడ ఒక జాగా చూసిన. ఇంట్ల అడిగితె నువ్వు కస్సుమంటవు. తిన్నంక, జర సంబురంగ ఉన్నప్పుడు అడుగుదామనుకున్న."

"నాకెందుకు చెప్పలేదు?" అంది గ్రేస్. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను ఆమెకు నిజమనే చెప్పాను కదా!" అతను భార్య వైపు చూడలేదు.

జానమ్మ ఇప్పుడు పళ్లెం విసిరికొడుతుందని, నోటికొచ్చినట్టు తిడుతుందని నేను ఎదురుచూశాను. నాకే తిట్టాలనిపించింది. తన అనుమానం నిజమని తేలితే మనిషి ముఖంలో ఎంతో కొంత గెలుపు కనిపించాలి. ఆమె ముఖంలో అది ఎంత వెతికినా లేదు.

"భూమి సంగతి ఇంట్ల అడుగు బిడ్డా" అంది, చాలా నెమ్మదిగా. "ఇస్తనో ఇయ్యనో, గది వేరే ముచ్చట. నీకు గాక ఎవ్వలకిస్త? నీళ్లల్ల కాళ్లు వెట్టినప్పుడు నేను అన్ని మర్శిపోయిన. నా బతుకుల ఒక్క పూట, ఒక్క పూటే నమ్మిన. గా పూట నాకు వాపసు ఇస్తవా?"

ప్రేమ్‌సాగర్ ఫోన్ తీసి బంద్ చేశాడు. "తప్పయిందమ్మా. ఏడికి పోవద్దు. ఇంకాసేపు ఈడనే ఉందాం. పిట్టలను చూడు, మస్తున్నయ్" అన్నాడు.

ఆమె చూడలేదు. ఇందాక దిగి నవ్విన ఆ నీళ్లకు వీపు పెట్టి, పిల్ల పళ్లెం మీదకు వంగి, ముళ్లు ఏరుతూ కూర్చుంది.